ముప్పై ఒకటో కిలోమీటరు తర్వాత

నా ఒళ్ళో పెరిగిన చిన్నోడికి,

అక్క రాసేది. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. ఫోనైతే నాకు ఏడుపొచ్చి మాట పూర్తికాదు. అందుకే నీ మేనకోడలు, మన పిడుగు, రాసుకున్న పరుగుల పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు చింపి రాస్తున్నాను. నా రాత నీకు తెలిసిందే, కూడబలుక్కుని చదువుకో.

వాడు బయటికొచ్చాడు. నీ మేనకోడల్ని చంపినవాడు, నేను అల్లుడని కొసరి కొసరి వడ్డించినవాడు, బెయిలు మీద వచ్చి మళ్ళీ లిఫ్టులు బాగుచేసుకుంటున్నాడు. మొన్న చేపల బజారులో నా పక్కన కూర్చునే రొయ్యలామె చెప్పింది. "మీ అల్లుడు నున్నగా గడ్డం గీసుకుని, టక్ చేసుకుని తిరుగుతున్నాడే వదినా, అత్తారింటికి పోయొచ్చినట్టున్నాడు" అంది. అప్పుడు నా చేతి కింద చేప ఉంది. దాని పొట్ట చీల్చాల్సినదాన్ని తల నరికాను. మళ్ళీ నరికాను. కొనుక్కోవడానికొచ్చిన ఆవిడ "అయ్యో తల కావాలమ్మా నాకు" అని అరుస్తూనే ఉంది. నా చెయ్యి ఆగలేదు. అది ముద్ద ముద్దయి, పొలుసులూ నెత్తురూ ఎగిరి ఆవిడ మొహాన పడ్డాయి. నలుగురు పట్టుకుంటే గానీ కత్తి వదల్లేదు. ఆ ముద్దలో నాకు వాడి మొహమే కనబడింది చిన్నోడా.

మన తరఫు లాయరమ్మ ఏం చెప్పిందో విను. వాడు ఆరోజు పని మీద పోతున్నాడట. మారథాన్ కోసం రోడ్లు మూసేస్తే ఫ్లైఓవర్ కింద ఆగిపోయాడట. ఉన్నట్టుండి మన పిడుగు కంటపడిందట. తనని వదిలేసి పుట్టింటికి వెళ్ళిపోయిన పెళ్ళాం అట్లా పరిగెత్తుకుంటూ వస్తుంటే ఒళ్ళు తెలియని కోపం వచ్చిందట. భుజాన పనిముట్ల సంచి ఎప్పుడూ ఉండేదేనట. "ముందే అనుకుని కాపుకాశాడని రుజువు లేదమ్మా, కొద్ది ఏళ్ళల్లో బయటపడిపోవచ్చు" అంది.

ఎట్లా చంపాడో నీకు ఇంతవరకూ ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దాంతో పాటు బూట్ల ఫ్యాక్టరీలో సోళ్ళు అతికించే పొడుగుపిల్ల పది అడుగుల వెనక పరిగెడుతోంది, ఆ పిల్ల చూసింది. వాడు స్తంభం చాటు నుంచి వచ్చి ముందు మోకాలి మీద కొట్టాడట, పెద్ద స్పానర్‌తో. "పరిగెత్తవే, ఇప్పుడు పరిగెత్తు" అన్నాడట. ఇది పడిపోయి చేతుల మీద పాకిందట. రెండో మోకాలు కొట్టాడు. ఆ తర్వాతే తల. వెనకొచ్చేవాళ్ళు ఎవరో ఎండకి కళ్ళు తిరిగి పడిపోయారనుకుని పక్కనుంచి పోయారు. ఒకాయన దాటుకుంటూ పోయాడు. అటు చివర డప్పులవాళ్ళు హుషారు చెయ్యడానికి వాయిస్తూనే ఉన్నారట. పొడుగుపిల్ల వాడి వీపు మీదికి దూకితే మోచేత్తో ఆ పిల్ల ముక్కు పగలగొట్టాడు.

నేను అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాను. ఆరేళ్ళుగా ఏటా నా చోటు అదే, ముప్పై అయిదో కిలోమీటరు రాయి దగ్గర. డబ్బాలో ఉప్పు జల్లిన నారింజ తొనలు పట్టుకుని నిలబడేదాన్ని. అది చెమటలు కక్కుతూ వచ్చి, రెండు తొనలు నోట్లో కుక్కుకుని, నా బుగ్గకి ఉప్పు పూసి పోయేది. "ముప్పై దాకా కాళ్ళు పరిగెడతాయమ్మా, ఆ తర్వాత మొండితనం పరిగెడుతుంది" అనేది. మొదటి ఏడు చివర్లో కుంటుకుంటూ చేరింది. అందరూ మెడలో పతకం వేసుకుని ఫోటోలు దిగుతుంటే ఇది గట్టు మీద కూర్చుని మేజోడు విప్పింది. కాలి గోళ్ళు నల్లగా నేరేడుపళ్ళలా ఉన్నాయి. "ఎవరు తరుముతున్నారే నిన్ను?" అని తిట్టాను. "ఎవరూ తరమకుండా పరిగెత్తేది ఇదొక్కటేనే" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. వాడు ఇంట్లో దాని బూట్లు బ్లేడుతో కోసేస్తున్నాడనీ, ఇది ఫ్యాక్టరీలో కుట్టు వంకరపోయి పక్కన పడేసిన జతలు తెచ్చుకుని పరిగెడుతోందనీ తర్వాత తెలిసింది.

ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు రావాలి. పొట్టేలుని ఒక్క వేటుకి పడగొట్టే చెయ్యి నీది. వాడికి మాత్రం ఒక్క వేటు వద్దు. ముందు మోకాళ్ళు. ఈ ఏటి పరుగు వచ్చే నెల మొదటి ఆదివారం. ఆ రోజు పోలీసులందరూ రోడ్ల మీదే ఉంటారు, వాడి షాపు వైపు ఎవరూ ఉండరు. నీ పిల్లల్ని నిన్ను పెంచినట్టే పెంచుతాను. నీకు తల్లయినదాన్ని, ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నీ అక్క

*

నా బంగారు తమ్ముడికి,

నీ జవాబు అందింది. వస్తానన్నావు. పుణ్యమో పాపమో ఆలోచించనని రాశావు. కానీ చివర్లో ఒక్క మాట అడిగావు. "అక్కా, అన్ని వేలమంది పరిగెడుతుంటే, అది ఆ నిమిషానికి ఆ స్తంభం దగ్గరికి వస్తుందని వాడికెలా తెలిసింది?"

ఏడాదిగా ఎవరూ అడగని మాట నువ్వు అడిగావు. పోలీసులు అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. ఇప్పుడు చెప్తున్నాను. చదివాక ఈ అక్క మీద ఉమ్మేసినా సరే.

నేనే చెప్పాను.

అప్పటికి అది వాణ్ణి వదిలి నా దగ్గరకొచ్చి నాలుగు నెలలైంది. వాడు నాకు మాత్రం ఫోన్ చేస్తూనే ఉండేవాడు. తాగడం మానేశానత్తా, బుద్ధొచ్చిందత్తా అని. ఆడపిల్ల కాపురం నిలబడుతుందేమోనని నాలో ఒక మూల ఆశ. దానికి తెలియకుండా మాట్లాడేదాన్ని. పరుగు రోజు తెల్లారకముందే అది లేచి, తొడలు ఒరుసుకోకుండా వాజిలీను రాసుకుని, ఛాతీ మీద నంబరు కాగితానికి పిన్నీసులు పెట్టుకుంటోంది. 4172. పిన్నీసు గుచ్చుకుని "అబ్బా" అని నవ్వింది. అప్పుడే నా ఫోన్‌కి వాడి మెసేజ్ వచ్చింది. "అత్తా, ఈ ఏడు దాని నంబరెంత? నంబరు కొడితే ఎంతదాకా వచ్చిందో ఫోన్లో చూడొచ్చు. దూరం నుంచే దీవిస్తాను" అని.

దీవిస్తాడట. నేను మురిసిపోయాను చిన్నోడా. "ఇటు చూడవే" అని దాన్ని పిలిచి ఫోటో తీసి పంపించాను. ఎవరికని అడిగితే మీ మామయ్యకి అన్నాను. నీ పేరు చెప్పి అబద్ధమాడాను. "మామయ్యకైతే ఇంకొంచెం బాగా నవ్వుతానుండు" అని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు వాడికి పోయింది.

దారిలో పది, ఇరవై, ముప్పై కిలోమీటర్ల దగ్గర నేల మీద చాపల్లాంటివి పరుస్తారు. వాటి మీద కాలు పడగానే ఆ నంబరు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో పడుతుంది. అది ముప్పై దాటిందని వాడికి తెలిసింది. ఇంకో కిలోమీటరుకి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టుకుని నిలబడ్డాడు. నేనేమో డబ్బా మూత తీసి, ఉప్పు సరిపోయిందా అని తొన కొరికి చూసుకుంటున్నాను.

వాణ్ణి పట్టుకెళ్ళిన మర్నాడు వాడి అన్న ఇంటికొచ్చాడు. "ఆ ఫోటో తీసెయ్యండి. నంబరు పంపింది మీరే, హత్యలో మీకూ వాటా ఉందని మిమ్మల్నీ లోపలేస్తారు" అన్నాడు. తీసేశానన్నాను. తియ్యలేదు. అదే దాని ఆఖరి ఫోటో, ఎట్లా తీసేస్తాను? జైలుకి భయపడి నోరు మూసుకున్నాననుకోకు. మా అమ్మే నన్ను పట్టిచ్చిందని అది పైనుంచి నీతో చెప్తుందేమోనని భయపడ్డాను.

నీ జవాబు చదివాక నీకు ఆ మాట ఎట్లా రాయాలో తెలియక పిచ్చెత్తినట్టయింది. నువ్వొచ్చి తెలుసుకునేలోపల నేనే పని ముగించేద్దామని నిన్న మధ్యాహ్నం చేపల కత్తి పట్టుకుని వాడి షాపుకి పోయాను. మోటారు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఏంటత్తా, కత్తితో వచ్చావ్? ఇక్కడ చేపలుండవు" అన్నాడు.

కొట్టాను. మెడకని కొడితే చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేయి ఎముక దాకా తెగింది. అంత నెత్తురులోనూ నవ్వాడు. "నంబరిచ్చిన దానివి, నాకంటే ముందు నువ్వు పోవాలి లోపలికి. మీ తమ్ముడికి తెలిస్తే నీ మొహం చూస్తాడా?" అన్నాడు.

"తెలియనీ. ఆ ఫోటో పట్టుకెళ్ళి నేనే చెప్తాను, మా తమ్ముడికీ కోర్టుకీ" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "ఫోటో ఇంకా ఉందా?" అన్నాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. కత్తికి బెదరనివాడు పాలిపోయాడు. ఒక్క ఉరుకున నా మీద పడ్డాడు. ఫోన్ కోసం నా బట్టలు చింపాడు, జుట్టు పట్టుకుని షట్టర్‌కేసి కొట్టాడు. ముందు పన్ను ఊడి గొంతులోకి పోయింది. గాయం మీదే కొరికాను. కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. పక్క టైర్ల షాపు ముసలాయన ఇనపకడ్డీతో వచ్చి విడదీశాడు. ఫోన్ నా నడుము సంచిలోనే ఉంది.

ఇదీ సంగతి. నరకాల్సింది వాణ్ణో నన్నో ఇప్పుడు నువ్వే తేల్చుకో.

అక్క అనిపించుకోదగనిది

*

చిన్నోడా, నా తండ్రీ,

నువ్వు రాసిన ఒక్క ముక్క బుధవారం అందింది. "నంబరడిగితే నేనైనా ఇచ్చేవాణ్ణే అక్కా. కత్తి నూరి పెట్టాను. పరుగు నాటికి అందుకోలేను, ఆ తర్వాతి శుక్రవారం బయలుదేరుతున్నా." ఆ మొదటి మాట ఎన్నిసార్లు చదివానో. కాగితం మడత దగ్గర చిరిగింది.

మర్నాడే వాయిదా. రెండు జతల బట్టలు, దువ్వెన, పళ్ళపొడి సంచిలో పెట్టుకుని పోయాను, అటునుంచటే లోపలికి తీసుకుపోతారని. లాయరమ్మకి ఫోటో చూపిస్తే నెత్తి కొట్టుకుంది. "ఏడాది పాటు దీన్ని దాచారా అమ్మా!" అంది.

బోనెక్కాను. వాడు చేతికి కట్టుతో ఎదురుగా ఉన్నాడు. వాడి లాయరు ముందు ఆ గాయం మీదే పడ్డాడు. "ఈయన మీద కత్తి ఎత్తింది మీరేనా?"

"ఎత్తాను బాబూ. మెడకని కొట్టాను, చేతికి తగిలింది."

"అంటే కక్షతో చెప్తున్నారన్నమాట."

"కక్ష లేకుండా ఎట్లా ఉంటుంది నాయనా? కడుపున కన్నాను కదా. కానీ ఫోటోకి కక్ష ఉండదు, చూడండి."

జడ్జిగారు ఫోన్ తీసుకుని రెండు వేళ్ళతో పెద్దది చేశారు. నంబరు చూశారు. దాని కింద వాడి మెసేజ్‌లు ఒక్కొక్కటే పైకి చదివారు. నంబరెంత అని అడిగింది. నేను పంపింది. దానికి వాడిచ్చిన జవాబు, "చాలత్తా, ఇక ఎక్కడికి పోతుంది." ఆరోజు ఆ మాటని నేను మురిపెంగా అన్నాడనుకున్నాను. జడ్జిగారి నోట వింటుంటే ఎముకలు కొరికినట్టుంది. "ఉన్నట్టుండి కంటపడిందన్నారు మీరు" అని జడ్జిగారు వాడి లాయరు వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

బెయిలు తీసేశారు. అక్కడికక్కడే వాణ్ణి పట్టుకున్నారు. నా ముందునుంచి పోతూ "ముసలిదానా, నీ చేత్తోనే చంపావ్ దాన్ని" అని అరిచాడు. అందరూ విన్నారు. ఏడాదిగా నా చెవిలో నేను అనుకున్న మాటే అది. బయటినుంచి వింటే అంత పెద్దగా లేదు చిన్నోడా. నా చెయ్యి నంబరు పంపింది. స్పానర్ ఎత్తింది వాడి చెయ్యి.

"మరి నన్నెక్కడ పెడతారు?" అని సంచి పట్టుకుని అడిగాను. లాయరమ్మ కళ్ళు తుడుచుకుంది. "కత్తి సంగతికి కేసు పెడతారు, పిలిచినప్పుడు రండి. నంబరుకి మాత్రం మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇంటికెళ్ళండమ్మా" అంది.

నిన్న ఆదివారం పరుగు జరిగింది. నేను ముప్పై అయిదో రాయి దగ్గర నిలబడలేదు. ఫ్లైఓవర్ కింద, ఆ స్తంభం దగ్గరికి పోయాను. పొడుగుపిల్ల వంకరగా అతుక్కున్న ముక్కుతో, ఛాతీ మీద నంబరుతో వచ్చింది. నన్ను చూసి ఆగింది. "ఏంటత్తా ఇక్కడ?" అంది.

"దానికి ఇంకా పదకొండు కిలోమీటర్లు మిగిలాయి కదే" అన్నాను.

ఆ పిల్ల పరుగు మానేసి నాతో నడిచింది. చేపల బజారు చెప్పులతోనే నడిచాను. ముప్పై అయిదో రాయి దగ్గర ఎవరో నారింజ తొన చేతిలో పెట్టారు, ఉప్పు లేదు. ముప్పై ఎనిమిది దగ్గర కాళ్ళు కొయ్యలైపోయాయి, పక్కన పోయే మనుషుల్ని అందర్నీ బూతులు తిట్టాను. పొడుగుపిల్ల నవ్వి "పిడుగు కూడా సరిగ్గా ఇక్కడే తిట్టేదత్తా" అంది. నాకెప్పుడూ చెప్పలేదు అది. మేం చేరేసరికి గడియారం ఆపేశారు, జెండాలు పీకేస్తున్నారు. పరుగు ముగిసే గీత మాత్రం ఉంది. దాటాను.

నా కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. మరదలికి చెప్పకు, తిడుతుంది.

శుక్రవారం బయలుదేరు, ఆగకు. కత్తి మాత్రం దుకాణంలోనే ఉంచు, నీకు పొట్టేళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆ ఫోటో కోర్టువాళ్ళు ఉంచుకుంటే నా దగ్గర లేకుండా పోతుందని లాయరమ్మ అచ్చు వేయించి ఇచ్చింది. ఒకటి నీ కోసం పక్కన పెట్టాను. నీ పేరు చెప్తేనే కదా అంత బాగా నవ్వింది, వచ్చి తీసుకో. నీది నీకు ఇవ్వాలి.

నీ రాక కోసం వాకిట్లో కూర్చున్న
అక్క