మీటింగులో నా గొంతు

రజియా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది అయిందే. అద్దంకిలో డిగ్రీ చదివేటప్పుడు మనిద్దరం చేరాలనుకున్న గుంటూరు మిర్చి ఎగుమతి కంపెనీలోనే, ఫైనాన్స్ విభాగంలో అప్రెంటిస్‌గా చేరాను.

ఇవాళ మా సీనియర్ సెలవు పెట్టడంతో నన్ను మీటింగులో కూర్చోబెట్టారు. పెద్ద మేడమ్ ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఈ నెల కోల్డ్ స్టోరేజీ ఖర్చు ఎందుకు పెరిగిందమ్మా?" అని అడిగారు. జవాబు తెలుసు, కానీ నాలో నేనే గొణుక్కున్నాను. డిగ్రీ వైవాలో నేనిలాగే బిగుసుకుపోతే, "దానికొచ్చండీ, భయపడుతోందంతే" అని నువ్వు తలుపు దగ్గర్నుంచి అరిచావు. ఇక్కడ నాకోసం అరిచేవాళ్ళెవరూ లేరు.

"వినబడట్లేదు, లేచి చెప్పు" అన్నారావిడ. లేచి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని, "పాత సరుకు అమ్ముడుపోలేదండి, అందుకని ఎక్కువ రోజులు ఉంచాల్సి వచ్చింది" అన్నాను. నా గొంతు వణకడం నాకే వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

"సరే, వచ్చే నెల రిపోర్టు మొత్తం నువ్వే చెప్పు" అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. నీకు ఫోన్ చేయబోయి ఆగాను. భయం తగ్గలేదే, ఇంకా పెరిగింది. అయినా, చెప్తానండీ అని ఒప్పేసుకున్నాను.

నీ
సుజాత