రిమోట్ తాళానికి నేను కర్పూరం ఆర్పను

బెంగళూరు,
ఆదివారం.

మా అక్క లక్ష్మీదేవికి తమ్ముడు ఓబులేసు రాసేది. నేను ఇక్కడ బాగున్నానని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగా లేను. నువ్వూ, పిల్లలూ, పెద్దమ్మా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఎనుము ఈనిందో లేదో రాయించు. బావ బాగానే ఉంటాడు, అడగాల్సిన పని లేదు.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది బావే కాబట్టి ఆయనకు ముందే ఒక మాట. బావా, గొంతు తగ్గించకుండా, పేజీ దాటేయకుండా, ఉన్నది ఉన్నట్టు చదువు. నిన్ను తిట్టిన చోట ఇంకాస్త గట్టిగా చదువు. అక్కా, ఆయన ఎక్కడైనా నసిగితే ఉత్తరం లాక్కుని అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి తీసుకుపో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఊళ్లో అంగడి ఫోన్‌కు చేసి పిలిపిస్తే వచ్చి ఎత్తేదీ బావే, పెట్టేసేదీ బావే.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే తుంపర. మన దగ్గర చినుకు లేక శనక్కాయ చేను వాడిపోతోందని పోయిన ఉత్తరంలో రాయించావు. ఇక్కడ ఎవరికీ అక్కర్లేని వాన రోడ్ల మీద పారి మోరీల్లో పోతోంది, చూస్తే కడుపు మండుతుంది. కారు తుడుస్తాను, మళ్లీ తడుస్తుంది, మళ్లీ తుడుస్తాను. డ్రైవర్‌నని పేరే, ఇప్పుడు నాకున్న పని అదొక్కటే. బండి తాళాలు సారు లాక్కున్నాడు. ఆయనే నడుపుకుంటున్నాడు, వాన నీళ్లు తుడవడానికి మాత్రం దొంగ కావాలి. రాత్రికి మిగిలిన అన్నం గిన్నెలో పెట్టి మెట్ల మీద ఉంచుతారు. ఇదివరకు చేతికిచ్చేవాళ్లు. రాగిముద్ద హోటల్లో దొరుకుతుంది కానీ నంజుకోను ఊరిబిండి లేని ముద్ద నాకు గొంతు దిగదు. ఒంటరిగా ఉన్నాను అక్కా. నాతో మాట్లాడేది పక్కింటి డ్రైవర్ మస్తాన్ ఒక్కడే.

బావ నీకు ఏం చెప్పాడో, ఏం దాచాడో తెలియదు. మొదటి నుంచి నేనే చెబుతాను.

మా సారు మన పక్కూరి వాడే కదా. ఆయన అన్న పొలాన్నే బావ గుత్తకు చేస్తున్నాడు. ఈ సంగతి మనసులో పెట్టుకో, మళ్లీ పని పడుతుంది. ఉగాది తర్వాత సారు కారుకు రిమోట్ తాళం బిగించుకున్నాడు. బటన్ నొక్కితే కారు కుయ్‌మంటుంది, లైట్లు ఒకసారి వెలిగి ఆరతాయి, నాలుగు తలుపులకూ తాళాలు పడిపోతాయి. నాకు మాత్రం చేయి ఊరుకునేది కాదు. బటన్ నొక్కినాక ఒక్కో తలుపూ పట్టుకుని లాగి చూసేవాణ్ణి. అది నీ దగ్గర నేర్చుకున్నదే. కూలికి పోయేటప్పుడు నువ్వు ఇంటికి తాళం వేసి, దానికి వేలాడినంత పని చేసి, సగం దారిలో మళ్లీ అనుమానం వచ్చి వెనక్కి పరుగెత్తేదానివి. ఇంట్లో ఏముందని అక్కా తాళం అని నేను నవ్వేవాణ్ణి.

సారు నవ్వలేదు. “ఏమప్పా, ఇది మీ దొడ్డి తలుపు అనుకుంటివా? రిమోట్ నొక్కినాక అయిపోయినట్లే. హ్యాండిల్ ఊడబెరికితే మీ తాత కట్టిస్తాడా?” అన్నాడు, అపార్ట్‌మెంట్ వాళ్లందరూ వింటుండగా. ఆ రోజు నుంచి లాగడం మానుకున్నాను.

తర్వాత ఒక పెళ్లికి పోయాం. అమ్మగారు వెండి సామాను, పట్టుచీరలు ఉన్న సంచి వెనక సీట్లో పెట్టి, చదివింపులప్పుడు తెద్దువులే అన్నారు. పండ్ల బుట్టలు నా రెండు చేతుల్లో ఉన్నాయి. సారు ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా, భుజం మీదుగా రిమోట్ చూపించి నొక్కాడు. వాకిట్లోనే మేళం. డోలు మోతలో కారు కుయ్‌మందో లేదో ఆయనా వినలేదు, నేనూ వినలేదు. చేతులు ఖాళీగా ఉన్నా లాగి చూసేవాణ్ణి కాదు, తిట్లు తిన్నవాణ్ణి కదా. భోజనాలయ్యాక వచ్చి చూస్తే సంచి లేదు. అద్దం పగల్లేదు, తాళం చెడలేదు.

“డూప్లికేట్ తాళం యాడుండాది?” అన్నాడు సారు.

“నా జేబులో ఉండాది సార్.”

అంతే. నేను దొంగనైపోయాను.

పోలీసులకు చెప్పమని నేనే అడిగాను. చెప్పలేదు. చెబితే బండికి తాళం వేసింది ఎవరని వాళ్లు ముందు అడుగుతారు. ఊళ్లో ఉన్న అన్నకు ఫోన్ చేశాడు. ఆ పెద్దమనిషి బావను పిలిపించి, వచ్చే శనివారం ఆంజనేయస్వామి గుడిలో ఓబులేసు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలన్నాడు. బావ తల ఊపి వచ్చాడు. నన్ను అడిగావా బావా? ఒక్క మాట, నువ్వు తీశావా అని అడిగావా? గుత్త పొలం పోతుందని బామ్మర్దిని గుడికి అప్పజెప్పి వచ్చావు. ఇది గట్టిగా చదివావా? ఇంకోసారి చదువు.

మొన్న ఒక సంగతి తెలిసింది. మా బండికీ, మస్తాన్ నడిపే బండికీ రిమోట్ తాళాలు ఒకే అంగడిలో బిగించారు. పొద్దున బండి లోపల తుడవడానికని సారు తన రిమోట్ ఒక్కటి కాసేపు నా చేతికిచ్చాడు. తుడిచి బటన్ నొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు. చూస్తే పక్కన మస్తాన్ తన బటన్ నొక్కి పట్టుకుని ఉన్నాడు. వాడు వేలు తీస్తే మాది పడింది. వాడు నొక్కి పట్టుకుంటే పడలేదు. మళ్లీ మళ్లీ చేసి చూశాం.

“అరే ఓబులేసూ, పెళ్లికాడ ఎవడో ఇదే పని చేసింటాడు రా. మీ సారు ఆ పక్క పోయినాడు, వాడు ఈ పక్క తలుపు తెరిచినాడు. ఖేల్ ఖతం,” అన్నాడు మస్తాన్.

ఆ రోజు అట్లే జరిగిందని నేను చెప్పలేను, నేను చూడలేదు. జరగొచ్చు అని మాత్రం కళ్లారా చూశాను. సారును కిందికి పిలిచి, ఆయన చేతికే రిమోట్ ఇచ్చి చూపించాం. ఆయన నొక్కాడు, పడలేదు. మస్తాన్ వేలు తీశాడు, పడింది. సారు నా వైపు చూడకుండా అన్నాడు:

“కావొచ్చప్పా, కాదనను. అయితే ఊళ్లో మాట పోయింది కదా. నువ్వు తియ్యకపోతే భయమేమి, ఆర్పేసి రా.”

తను వెనక్కి తిరిగి చూడలేదన్న ఒక్క మాట ఆయన నోట రాదు. ఆ మాట రాకుండా ఉండటానికి నేను దేవుడి ముందు కర్పూరం మీదికి చేయి చాపాలి. ఆ రిమోట్‌నే తీసుకుపోయి ప్రమాణం చేయించుకోమను.

బావను వదిలెయ్, ఆయన గుణం తెలిసిందే. నాకు కాలింది నీ మాటకు. పోయిన వారం ఫోన్ బావ చేతిలోంచి తీసుకుని నువ్వు ఏమన్నావు? “వచ్చి ఆర్పేసి పోరా తమ్ముడా, పీడ పోతాది” అన్నావు. నువ్వు తీయలేదని నాకు తెలుసురా అని ఎందుకు అనలేదు? బావ పక్కన ఉన్నాడనా? లేక నీ మనసులో కూడా ఏ మూలో అనుమానం ఉందా? రాత్రిళ్లు ఇదే తొలుస్తోంది.

నాయన సంగతి మరిచిపోయావా? పొరుగువాళ్ల గొర్రె పోతే నాయన కర్పూరం ఆర్పాడు. నిజమే చెప్పాడు, గొర్రె ఎవరు తిన్నారో నాయన పోయాక ఊరందరికీ తెలిసింది. కానీ ఆర్పినవాడికి మూడు నెలల్లో కీడు జరిగితే వాడే దొంగ అని ఊరి లెక్క కదా, ఆ గడువు తిరక్కుండా మన బావి ఎండింది, ఎద్దు చచ్చింది. చూసినారా, ప్రమాణం తగిలింది అన్నారు. ఆ ఏడు ఊళ్లో ఎవరి బావిలో నీళ్లున్నాయి? ఎవరి కొట్టంలో ఎద్దు నిలిచింది? ఆర్పింది నాయన కాబట్టి నాయనే దొంగ అయ్యాడు. చచ్చిపోయే దాకా టీ అంగడి ముందు కూర్చోలేదు. మన సీమలో వాన రాదు, పంట రాదు, బోరులో నీళ్లు రావు. అట్లాంటి చోట కర్పూరం ఆర్పినవాడు గడువు తిరిగేలోగా దొంగ కాక ఏమవుతాడు? ఈసారి చేను ఎండితే నీ తమ్ముడు తిన్న వెండి వల్ల ఎండిందంటారు. ఎండుతుందని నువ్వే రాయించావు.

అందుకని ప్రమాణానికి రాను. గుడి దగ్గర వాళ్లు కర్పూరం వెలిగించుకుని కూర్చోనీ, అది దానంతటదే ఆరిపోతుంది. గుత్త పొలం పోతే పోనీ బావా, మనిషివైతే ఇంకో పొలం చూసుకుంటావు.

కానీ శనివారం ఊరికి వస్తాను, నీ దగ్గరికి మాత్రమే వస్తాను అక్కా. తొలి బస్సు దిగేసరికి నువ్వు చేనికి పోయి ఉంటావు. ఆ ఒక్క రోజు ఇంటికి తాళం వేయకుండా పో. ఊరికే గడియ పెట్టు. నీకు అది ఎంత కష్టమో నాకంటే ఎవరికీ తెలియదు, అందుకే అడుగుతున్నాను. గడియ తీసుకుని లోపలికి వచ్చి, ఉట్టిలో సంకటి ఉంటే తింటాను. ఊరిబిండి కాస్త కారంగా నూరి పెట్టు. తాళం వేసి కనబడిందా, నువ్వు నేర్పినట్టే ఒకసారి లాగి చూస్తాను. గట్టిగా పడిందని తెలుసుకుని, అదే బస్సు తిరిగి వచ్చే దాకా రోడ్డు మీద నిలబడి వెళ్లిపోతాను.

పెద్దమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. పిల్లలను వానలో తడవనివ్వు, వాన వస్తే. బావకు పెట్టాల్సిన దండం ఈసారికి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. నువ్వు పెద్దదానివి, మనసారా దీవించు.

ఇట్లు,
ఏమీ తీయని నీ తమ్ముడు
ఓబులేసు