కెమెరాకు రాసిన పసుపు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగారికి,

నెల్లిమర్లలో నా చేతులతో తయారుచేసుకున్న కారును మీరు తనిఖీలో మూడోసారి తిప్పి పంపారు. వెనక మా అమ్మ చక్రాల కుర్చీ ఎక్కిస్తే అద్దంలో రోడ్డు కనబడదు. అందుకే మీరు చెప్పినట్టే వెనక కెమెరా, నా ముందు దాని తెర పెట్టాను. నిన్న తెరంతా పచ్చగా ఉందని, కెమెరా పనిచేయదని రాసేశారు. బయల్దేరే ముందు అమ్మ బండికి పూజ చేసి, కెమెరాకు కూడా పసుపు రాసింది. “నానే రాసినాను బాబూ, తుడిసేత్తాను” అని ఆవిడ కుర్చీలోంచి బతిమాలుతుంటే మీరు వినకుండా జీపెక్కారు. వెనక్కి తీస్తూ నా కారునే గుద్దారు. మీ జీపు పక్క అద్దాలు రెండింటికీ దసరా పసుపు ఇంకా అలాగే ఉంది.

సోమవారం మళ్లీ తనిఖీకి వచ్చేటప్పుడు తడిగుడ్డ తెస్తాను. ముందు మీ అద్దాలే తుడుస్తాను.

ఇట్లు,
మీరు గుద్దిన కారు యజమాని