వూచ్‌లో నా పేరున ఇల్లు

ఫిబ్రవరి 3, సోమవారం

అందరూ కులాసాయేనా? ఉత్తరాలు రాసే రోజుల్లో మొదట ఇదే అడిగేదాన్ని. ఇప్పుడు రాయడానికి ఎవరూ లేరు కాబట్టి ఈ నోటుబుక్కులో నేనే అడిగి నేనే జవాబు రాసుకుంటున్నాను. మా అబ్బాయి రాజ్‌కిరణ్‌కు దగ్గు తగ్గింది, నిద్ర మాత్రం లేదు. కోడలు మృదులకు నడుం పట్టేసింది. డాక్టరే గాని తన మందు తను వేసుకోదు. మనవరాలు సాహిత్యకు మోకాలు వాచింది. కమోగీ అని కర్రలు పుచ్చుకుని ఆడే ఆట ఒకటుంది ఇక్కడ ఐర్లాండ్‌లో, ఆడపిల్లలకు. వద్దంటే వినదు, ఐయామ్ గ్రాండ్ నానమ్మా అంటుంది, బాగానే ఉన్నానని. నాకు బీపీ. అది ఎప్పుడూ ఉండేదే.

ఇవాళ కొత్త భయం ఒకటి వచ్చింది. కిరణ్ పోలండ్‌లో ఫ్లాట్ కొంటున్నాడు. ఊరి పేరు వూచ్. సిటీవెస్ట్‌లో ఉండే వాడి స్నేహితుడు వినీత్ అక్కడ ఇప్పటికే రెండు కొన్నాడు. డబ్లిన్‌లో మనలాంటివాళ్ళు రెండో ఇల్లు కొనలేరు, అక్కడైతే కొనొచ్చని వాడి మాట. డాక్‌ల్యాండ్స్‌లో కిరణ్ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. తన వంతు వస్తే ఆ అద్దె అయినా చేతికొస్తుందని వీడి ఆశ.

ఫ్లాట్ నా పేరున. మా ఇంట్లో ఏది కొన్నా ఇంటి పెద్దావిడ పేరునే కొంటారు. మా అత్తగారి కాలం నుంచీ అంతే. వినీత్ ఫోన్ చేసి, ఆంటీ, ఇక మీరు యూరప్‌లో ల్యాండ్‌లేడీ అన్నాడు. వాళ్ళందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కిరణ్ ఫోటోలు చూపించాడు. పాత కాలపు ఎర్ర ఇటుకల భవనం, మూడో అంతస్తు. వంటింటి ఫోటోలో కిటికీ గట్టు మీద మాత్రల డబ్బా ఉంది, సోమ మంగళ అని గళ్ళు ఉండేది. నా దగ్గరా అలాంటిదే ఉంది. కుర్చీ వెనక చేతికర్ర.

ఇంట్లో ఎవరున్నారురా అని అడిగాను. అద్దెకు ఉందమ్మా, ఎవరో పెద్దావిడ, ఎనభై దాటాయట అన్నాడు. మరి ఆవిడో? కొన్నాక నోటీసు ఇస్తారట. ఆవిడ ఖాళీ చేశాక రంగులు వేయించి, కొత్త వంటిల్లు పెట్టించి, ఆఫీసు కుర్రాళ్ళకు ఎక్కువ అద్దెకు ఇస్తారట. వినీత్ రెండు ఫ్లాట్లకూ అలాగే చేశాడట. అంతా లీగల్ అమ్మా అన్నాడు.

లీగలే అయి ఉంటుంది. మా వాడు తప్పుడు పని చేయడు.

ఫిబ్రవరి 10

అన్నం సహించలేదు. ఆవిడను ఖాళీ చేయించేది నా పేరున.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మృదులతో చెప్పాను. ఆ ముసలావిడ ఉసురు మనకు తగులుతుంది, సాహిత్య చదువుకునే పిల్ల అన్నాను. మృదుల నా చేతికి బీపీ పట్టీ చుడుతూ విన్నది. అత్తయ్యా, ఆయన ఉద్యోగం గురించి నాకూ భయంగానే ఉంది, ఈ ఒక్కదానికి అడ్డు పడకండి అని మెత్తగా అంది. నంబరు చూసి మొహం చిట్లించింది. సోమవారం జీపీ దగ్గరికి, అంటే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళమంది.

ఫిబ్రవరి 17

జీపీ కొత్త మాత్ర రాశాడు. స్ట్రెస్ ఏమైనా ఉందా అని అడిగాడు. పోలండ్ అని చెప్తే ఏం అర్థమవుతుంది, లేదన్నాను.

మార్చి 2, ఆదివారం

కిరణ్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఫ్లాట్ నా పేరున కాబట్టి నేనే వెళ్ళి సంతకం పెట్టాలట. వాడు నా బదులు పెట్టేయొచ్చు అనుకున్నాడు. అక్కడ నోటరీ అంటే మన స్టాంపు వెండరు లాంటివాడు కాదట, పెద్ద హోదా. పైగా కాగితం మొత్తం పైకి చదివి వినిపిస్తారట. నాకు తెలిసిన భాషలో ఎవరో ఒకరు చెప్పాలి, అదీ ఇంటి మనిషి కాకూడదు.

చీరాల రిజిస్ట్రార్ ఆఫీసుకు మావారు నన్ను నాలుగుసార్లు తీసుకెళ్ళారు. పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టేదాన్ని. ఏం రాసి ఉందో ఏ ఒక్కరూ చదివి వినిపించలేదు. నేనూ అడగలేదు. అయిదో తరగతి చదివినదాన్ని, అడిగితే నవ్వుతారని భయం.

ఆంటీకి ఇంగ్లీష్ వచ్చని చెప్పేద్దాం, అన్నిటికీ యస్ యస్ అంటే సరిపోతుంది అన్నాడు వినీత్. గవర్నమెంటు మనిషి ముందు అబద్ధం చెప్పనన్నాను. చివరికి అక్కడ మెడిసిన్ చదువుతున్న మన ఏలూరు పిల్ల దొరికింది. పేరు ఐశ్వర్య. నోటరీ ఒప్పుకున్నదట.

మార్చి 27

వీసా వచ్చింది. రాకపోతే బాగుండు అనుకున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 14, సోమవారం. విమానంలో.

ఇస్త్రీపెట్టె ప్లగ్ తీశానో లేదో. మృదులకు మెసేజ్ పెట్టమంటే కిరణ్ ఫోన్ ఆపేశానన్నాడు.

ఏప్రిల్ 15, మంగళవారం. ఉదయం 6 గంటలు. హోటల్.

కిరణ్ పాఠం చెప్పాడు. అమ్మా, వాళ్ళు చదువుతారు, ఆ అమ్మాయి చెప్తుంది, నువ్వు తల ఊపి సంతకం పెట్టు, అంతే. సరేనన్నాను. నా చేతులు చల్లగా ఉన్నాయి. వాడివీ చల్లగానే ఉన్నాయి.

అదే రోజు. సాయంత్రం 5.

ఏదీ మర్చిపోకముందే రాయాలి.

నోటరీ ఆడమనిషి. మెడలో అద్దాలు వేలాడుతున్నాయి. అమ్మే కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. ఆవిడ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఐశ్వర్య సన్నగా ఉంది, గొంతు మాత్రం గట్టిది. పదం పదం తెలుగులో చెప్పింది. నా పేరు, మా నాన్న పేరు, మా అమ్మ పేరు కూడా అందులో ఉన్నాయి. మా అమ్మ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో.

మూడో కాగితంలో వచ్చింది. ఈ ఫ్లాట్‌లో హలీనా అనే ఆమె నలభై ఆరేళ్ళుగా అద్దెకు ఉంటున్నది, ఆ సంగతి కొనేవారికి తెలుసు అని. ఐశ్వర్య ఆగింది. నోటరీ నన్ను చూసింది. తెలుసా, అర్థమైందా అని అడుగుతున్నారండీ అంది ఐశ్వర్య.

తల ఊపాలి. ఊపలేదు. ఖాళీ చేశాక ఆమె ఎక్కడికి పోతుందో అడగమన్నాను.

ఐశ్వర్య కిరణ్ వంక చూసింది. కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పుడు ఎర్రబడినట్టే.

"అమ్మా, ఇప్పుడు కాదు," అన్నాడు.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడురా? సంతకం పెట్టాక నన్నెవరు అడుగుతారు?" అన్నాను.

అంత మాట ఎలా అన్నానో తెలియదు. మావారి ముందు ఎన్నడూ అనలేదు. ఐశ్వర్య అడిగింది. కంపెనీ కుర్రాడు భుజాలు ఎగరేశాడు. ఆమెకు ఎవరూ లేరట. సిటీ కార్పొరేషన్ ఇళ్ళకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలట.

అయితే ఆవిడ బతికున్నన్నాళ్ళు అక్కడే ఉండాలని కాగితంలో రాయమనండి, రాస్తేనే సంతకం పెడతాను అన్నాను. రాయవచ్చా అని కూడా అడిగాను, నాకేం తెలుసు. నోటరీ అద్దాలు పెట్టుకుంది. రాయవచ్చట. ఇంటి యజమానిగా నేను ఒప్పుకుంటే చాలట. దానికి వేరే కాగితం. కానీ ఒకసారి రాస్తే వెనక్కి తీసుకోలేనట. రెండుసార్లు చెప్పించింది ఆ మాట.

కిరణ్ బయటికి వెళ్ళి వినీత్‌కు ఫోన్ చేశాడు. అద్దాల తలుపు అవతల అటూ ఇటూ నడిచాడు. నేను వాడి ఉద్యోగం తలుచుకున్నాను, మృదుల మాట తలుచుకున్నాను. కన్నకొడుకు నోటి దగ్గరిది లాగేస్తున్నానా అనుకున్నాను. అయినా పెన్ను ముట్టుకోలేదు.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆంటీని తీసుకెళ్ళడమే తప్పన్నాడట వినీత్. ఆ పెద్దావిడ ఎంత అద్దె ఇస్తోందని కంపెనీ కుర్రాణ్ణి అడిగాడు. ఫోన్‌లో ఏదో లెక్క చూసుకున్నాడు. తర్వాత నాతో, "రాయించు. వినీత్‌కు నేను చెప్పుకుంటాను," అన్నాడు.

మళ్ళీ ప్రింటు తీశారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఈసారి ప్రతి మాటకూ తల ఊపాను. పెన్సిల్ మార్కులు లేవు. ఎక్కడ పెట్టాలో నన్నే చూసుకోమన్నారు.

ఆ తర్వాత ఫ్లాట్‌కు వెళ్ళాం. తలుపు తీసిన ముసలావిడ కోటు వేసుకుని ఉంది. వెనక హాలంతా అట్టపెట్టెలు. గోడ మీద పటాలు తీసిన చోట తెల్లటి చదరాలు. మేం వస్తున్నామని తెలిసి పొద్దున్నుంచీ అలా కూర్చుందట. ఇవాళే పొమ్మంటామనుకుంది.

ఐశ్వర్య పోలిష్‌లో చెప్పింది. ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. కాగితం చూపించమంది, అద్దాలు పెట్టుకుని చదివింది. కోటు విప్పి మేకుకు తగిలించింది. ఒక పెట్టె తెరిచి, న్యూస్‌పేపర్లో చుట్టిన కప్పులు ఒక్కొక్కటే విప్పి నాలుగు కడిగింది.

టీ తాగాం. పాలు లేవు, నిమ్మచెక్క వేసింది. బాగుంది. నా వయసు అడిగింది. డెబ్బై మూడు అని చెప్పిస్తే, అయితే ఇంకా చిన్నపిల్లవే అందట. నా చెంగు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. నూలు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పని చేసిందట. ఇది మిల్లు బట్ట కాదు, మగ్గం మీద నేసింది అని చెప్పేసింది. చీరాల చీర అని నేను చెప్పకముందే.

వచ్చేటప్పుడు కిరణ్ అడగకుండానే హాల్లో పెట్టెలు ఎత్తి గదిలో పెట్టాడు. ఒక్కటే బరువుగా ఉందన్నాడు. పుస్తకాలట.

ఏప్రిల్ 16

విమానంలో కిరణ్ నిద్రపోయాడు. దిగేదాకా లేవలేదు. ఇంటికొచ్చి చూస్తే ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసే ఉంది.

ఏప్రిల్ 19, శనివారం

మృదుల రెండు రోజులు ముభావంగా ఉంది. ఇవాళ బీపీ చూసింది. నూట ముప్ఫై బై ఎనభై. మళ్ళీ చూసినా అంతే. అత్తయ్యా, మాత్ర కన్నా ఆ సంతకమే బాగా పని చేసినట్టుంది, ఇంకొక ఫ్లాట్ మాత్రం కొనొద్దు అంది. ఇద్దరం నవ్వాం. సాహిత్య స్కూల్లో అందరికీ చెప్పిందట, మై నానమ్మ స్టాప్డ్ ఎన్ ఎవిక్షన్ అని. ఎవరైనా గార్డ్స్‌కు, అదే ఇక్కడి పోలీసులకు, చెప్తారేమో అని ఒక్క నిమిషం దడ పుట్టింది.

వినీత్ వచ్చాడు. ఆంటీ, మీ చేతికి పెన్ను ఇవ్వకూడదు అన్నాడు. పకోడీలు వేశాను. తిన్నాడు. తన రెండో ఫ్లాట్‌లో ఇదివరకు ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో తనకు తెలియదని, అడగకుండానే చెప్పాడు.

మే 1

ఆఫీసులో ఈసారి లిస్టులో కిరణ్ పేరు లేదు. వచ్చే లిస్టు సెప్టెంబర్‌లోనట. అప్పటిదాకా భయపడటానికి ఏమీ లేదు. అదీ కొంచెం భయంగానే ఉంది.

మే 18, ఆదివారం

ఐశ్వర్య ఫోన్ చేసింది. హలీనా మమ్మల్ని భోజనానికి పిలిచింది. స్ట్రాబెర్రీలు వచ్చే రోజుల్లో రావాలట, వాటితో కుడుముల్లాంటివి చేస్తుందట. మాంసం తగలని గిన్నె వేరే పెడతానందట. కిరణ్ టికెట్లు చూశాడు.

నా ఇంటికి నన్నే చుట్టంగా పిలిచింది. జూన్ 14, శనివారం, ఒంటిగంటకు.