కుడివైపు ఐదు రంధ్రాలు

కొత్తపేట,
4-9-1987

బిడ్డ ఎస్తేరమ్మకు నాయిన రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మీ అమ్మ ఆరోగ్యంగా ఉన్నాము. కాలేజీ పిల్లల తుపాకీ శిక్షణ క్యాంపులో తిండి, నీళ్లు పడి నువ్వూ బాగున్నావని అనుకుంటున్నాను. నీ ఉత్తరం, దానిలో మడిచి పెట్టిన గురి కాగితం పోయిన శనివారం అందాయి. జవాబు రాయడానికి ఆరు రోజులు పట్టింది. తీరిక లేక కాదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు నువ్వు అడిగినవి. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఆదివారం గుడికి నడిచే వచ్చింది. ఎల్బీనగర్‌లో మనం స్టాలు పెట్టుకునే ఖాళీ జాగాలో రాళ్లు పాతి, సున్నంతో గీతలు గీశారు. ఇప్పుడు పునాదులు తవ్వుతున్నారు. అందుకని నెల నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక పెడుతున్నాను. బుగ్గలు కట్టే పలక అదే, వాటిని కొట్టే రెండు తుపాకులూ అవే. రబ్బరు బుగ్గలు ఊది ఊది దవడలు గుంజుతున్నాయని మీ అమ్మ అంటున్నది.

ఇంకొకటి అడిగావు. బయటి దేశాల సిపాయిలు ఇప్పుడు తూటాలకు బదులు లేజర్ వెలుతురుతో ఉత్తుత్తి యుద్ధాలు ఆడి నేర్చుకుంటున్నారని మీ హవల్దారు చెప్పాడట. ఇక మన ఛర్రా తుపాకీ కాలం అయిపోయినట్టేనా నాయినా అని రాశావు. ఆ ముచ్చట మన దగ్గరికీ వచ్చింది. మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన కాంప్లెక్సులో గంగాధరరావు అనే ఆయన ‘లేజర్ యుద్ధం’ అని బోర్డు పెట్టాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. మంగళవారం నేను పోయి చూశాను.

‘‘రండి రండి పౌలుగారూ! మీరు మా ఎదురు పార్టీ కదండీ. మొదటి ఆట మీకు ఊరికే’’ అన్నాడు.

గది వెడల్పున అద్దాల పెట్టె. లోపల రంగులతో అడవి వేశారు. అందులో పది రేకు సిపాయిలు. ఒక్కొక్కరి రొమ్ము మీద పెసరగింజంత గాజు బిళ్ల. తుపాకీ మీట నొక్కితే చిన్న వెలుతురు పోతుంది. అది బిళ్ల మీద పడితే సిపాయి వెనక్కి పడిపోతాడు. చప్పుడు లేదు, భుజానికి తాకిడి లేదు, నూనె వాసన లేదు.

‘‘గిది నిజంగ లేజరేనా సార్?’’ అని అడిగాను.

‘‘బోర్డు మీద లేజరండీ, లోపల బల్బు. జనానికి పేరు కావాలి కదా!’’ అని నవ్వాడు.

కాసేపు నిలబడి చూశాను. ఒక సిపాయి ముందు కాగితపు ఆకు ఊడి వేలాడుతున్నది. ఎవరు కొట్టినా వాడు పడలేదు. ఎందుకని అడిగితే ‘‘వెలుతురు ఆకు దాటదు కదండీ’’ అన్నాడు. మన తుపాకీలోని సీసపు ఛర్రా అయితే ఆకును చీల్చుకుని పోతుంది. అటూ ఇటూ పరిగెత్తే సిపాయి కూడా ఒకడున్నాడు. వాడిని కూడా ఉన్నచోటే చూసి కొడితే చాలు. ఛర్రాకైతే వాడు చేరబోయే జాగా లెక్కేసుకుని కొట్టాలి. నిజం లేజర్ సంగతి నాకు తెలియదు. అదీ వెలుతురే అయితే, దానితో మాత్రమే నేర్చుకున్న సిపాయి ఆకు చాటును గోడ చాటు అనుకుంటాడేమో అనిపించింది. మీ హవల్దారును అడుగు. నాకంటే ఆయనకు బాగా తెలుసు.

తర్వాత నేను కొట్టాను. పది సార్లు నొక్కాను. ఒక్కడూ పడలేదు.

వెనక కాలేజీ పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. ‘‘ఏంది పెద్దమనిషీ, తుపాకీల దుకాణం పెట్టినవ్ గని నీకే కొట్టరాదా?’’ అని ఒకడు. ‘‘నోటితోని ఊదు తాతా, పడ్తరేమో’’ అని ఇంకొకడు. నాకు కోపం వచ్చింది.

‘‘తుపాకీ వంకరున్నది సార్’’ అన్నాను.

గంగాధరరావు అదే తుపాకీ తీసుకున్నాడు. ఆ ఆకు పక్కకు జరిపి, పది సార్లు నొక్కి పదిమందినీ పడగొట్టాడు. ‘‘తిన్నగానే ఉందండీ. ఏమనుకోకండి, ఒకసారి కన్ను చూపించుకోండి’’ అన్నాడు.

ఆ మాట వినగానే నీ ఉత్తరం గుర్తుకొచ్చింది. అదే తుపాకీతో మిగతా పిల్లలు నడిమధ్యలో కొడుతున్నారు, నీకే పోవడం లేదు, కాబట్టి దోషం నీ కంటిలోనే ఉందని హవల్దారు అన్నాడని రాశావు కదా. పదిహేనో తారీఖున తుపాకీ పోటీల జట్టు ఎంపిక ఉన్నా పేరు తీసేయించుకుంటానని, కన్ను మంచిది కాకపోతే రేపు పోలీసు ఉద్యోగానికీ తీసుకోరని రాశావు. మీ అమ్మ అది విని ‘‘పిల్లను పిలిపియ్యి, కంటి దవాఖానకు తీస్కపోదాం’’ అని రోజూ అంటూనే ఉంది.

ఇంటికి నడిచి వచ్చి నీ గురి కాగితం మంచం మీద పరిచాను. ఐదు రంధ్రాలు. పావలా బిళ్ల పెడితే ఐదూ దాని కింద దాగాయి. కన్ను చెడినవాళ్లు అట్లా కొట్టలేరు. ఐదూ నడిమి చుక్కకు రెండు వేళ్లు కుడివైపు ఉన్నాయి. నేను కొట్టింది తగలలేదని మాత్రమే గంగాధరరావు పెట్టె చెప్పింది. ఎటు పోయిందో చెప్పలేదు. వెలుతురు మరక మిగల్చదు. నీ కాగితం చెప్పింది. నేను కొట్టినవి కూడా కుడికే పోయి ఉంటాయి.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. మన తుపాకులు వంకరవి. నేనే వంచాను. గొట్టం చివర గురి చూసుకునే ఇనుప గింజ ఉంటుంది కదా, దాన్ని పట్టకారుతో బియ్యపు గింజంత కుడికి వంచుతాము. అప్పుడు ఛర్రా ఎడమకు, బుగ్గల నడుమ సందులోకి పోతుంది. సరిగ్గా గురి చూసినవాడికి బుగ్గ తగలదు. గురి రానివాడికి ఎప్పుడో ఒకటి పగులుతుంది. నాకు స్టాలు పని నేర్పినాయన అట్లే చేసేవాడు. జాతరల్లో అందరూ అట్లే చేస్తారు. పట్టుదలతో మళ్లీ మళ్లీ ఆడేది బాగా కొట్టగలనని నమ్మకం ఉన్నవాడే.

నీకు తొమ్మిదేండ్లప్పుడు పెట్టె మీద ఎక్కి కొట్టేదానివి. మూడు రోజులు ఒక్కటీ తగలలేదు. నాలుగో రోజు పలక మీద ఛర్రాలు ఎక్కడ దిగుతున్నాయో చూసి నీకు నువ్వే కనిపెట్టావు. ‘‘నాయినా, కొట్టాలన్న బుగ్గను సూడొద్దు, దాని కుడిపక్క సందును సూడాలె!’’ అని ఎగిరావు. ఆ రోజే నీకు చెప్పి ఉండాలి. చెప్పలేదు. నిన్ను ముందు నిలబెట్టి, ‘‘తొమ్మిదేండ్ల పోరి కొడ్తున్నది, మీసాలున్నోళ్లు మీకు రాదా?’’ అని అరిచాను. మగవాళ్లు రోషంతో వచ్చారు. నువ్వు హాస్టలుకు పోయేదాకా పండుగలకు, సెలవులకు అదే చేశాను. నిన్ను గురి బాగా నేర్చిన పిల్ల అని జనం అనుకుంటుంటే సంతోషపడ్డాను కూడా. నీ చేయి వంకరకు అలవాటు పడుతున్నదని నాకు తట్టలేదు. తట్టినా మానేవాణ్నో లేదో చెప్పలేను.

బుధవారం మీ అమ్మకు చెప్పాను. ‘‘గాలి బుగ్గల కోసం బిడ్డ చెయ్యి వంకర జేసినవా?’’ అన్నది. నిన్న సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

నిన్న పొద్దున పట్టకారు తీసుకుని రెండు తుపాకుల గింజలూ తిన్నగా చేశాను. పది ఛర్రాలు కొట్టాను. పదీ కుడికే పోయాయి. ప్రతిదాని మరకా చూసుకుంటూ కొడుతూ ఉన్నాను. పొద్దు వాలేసరికి పదింటిలో మూడు తగిలాయి. నాది యాభై దాటిన చేయి, ముప్పై ఏండ్ల అలవాటు. నీది పంతొమ్మిదేండ్ల చేయి. నీకు ఇంకా పది రోజులు ఉన్నాయి. చుక్కను చూసినప్పుడు నీ చేయి దానంతట అదే కుడికి జరుగుతుంది. నువ్వు చుక్క మీదే ఉంచు. తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది, అయినా అక్కడే ఉంచు. ఒక్కోటి కొట్టి రంధ్రం చూసుకో.

పేరు తీసేయించుకోకు. ఈ ఉత్తరం హవల్దారుకు చూపించు. మాటలతో చెబితే నమ్మకపోవచ్చు, అందుకే అంతా రాశాను. మీ నాయిన ఇట్లాంటివాడా అని ఆయన అనవచ్చు. అననీ. ఆ మాట పడవలసింది నేను.

తిన్నని తుపాకులతో స్టాలు ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదు. ఈ రోజు ఒకడు వరుసగా ఆరు బుగ్గలు పగలగొట్టి నా ముఖం చూశాడు. మీ అమ్మ ఇంకో ఆరు ఊది కట్టింది.

ఎంపికైనా కాకపోయినా పదిహేనో తారీఖు కాగితం మడిచి పంపు. రంధ్రాలు ఎక్కడున్నా పంపు.

ఇట్లు,
మీ నాయిన
పౌలు