కంప్యూటరు వెనక్కి వెళ్లదు

ఏమండీ,

మరీ చిన్నదిగా ఉందని, రేపు కంప్యూటర్ని షాపుకి తిరిగి ఇచ్చేద్దామన్నారు కదా, ఇవ్వకండి. అన్నం, వంకాయ కూర గట్టు మీద ఉన్నాయి. పెరుగు పిల్లికి అందకుండా అలమారలో పెట్టేను.

మధ్యాహ్నం మీ స్నేహితులు కృష్ణంరాజు గారు వచ్చేరు. "ఈ అగ్గిపెట్టె ఏటి పనికొస్తాదమ్మా, పెద్దది కొనవలసింది" అంటూ ఉండగానే కరెంటు పోయింది. కంప్యూటరు ఆగలేదు. మన చిన్న ఇన్వర్టరు మీదే అమ్మాయి అందులో నెమలి బొమ్మకి తోకంతా గీసేసింది. వాళ్లింట్లో పెద్ద కంప్యూటరు పెడితే ఇన్వర్టరు కుయ్యోమని కూలబడుతుందట, ఆయనే ఒప్పుకున్నారు. "వాట్లు సూసి కొన్నావేటమ్మా?" అన్నారు. మీరూ షాపువాడూ పెట్టెల సైజు చూస్తూ ఉంటే, నేను వెనకాల రాసిన వాట్లే చూసేను.

మీరు దాన్ని ఎంత తిట్టినా, దుమ్ము పడకుండా రాత్రి మీ తువ్వాలు కప్పడం కూడా చూసేను.

అమ్మాయిని తీసుకుని విశాఖపట్నం అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆదివారం వస్తాం.

మరిచేను. కంప్యూటరు వచ్చిన అట్టపెట్టె కోసం అటక మీద వెతక్కండి. అది లేకపోతే షాపువాడు కంప్యూటరు వెనక్కి తీసుకోనన్నాడుగా, అందులో అక్కకి బెల్లం దిమ్మలు సర్దేసేను.