వేలు చూపించిన సొరపిందె

నవంబరు 3, సోమవారం
ఆటో అతను అడిగాడు — "రమణమ్మ తోట కాడ ఆపాల్నా మేడం?" రమణమ్మ తోటట! ఒళ్లు మండిపోయింది. మా వీధి చివర ఖాళీ ప్లాటు అది. ముళ్లకంప, సీసా పెంకులు, పందులు. నెల్లూరులో ఓనరు గారింటికి చెప్పులరిగేలా తిరిగి, "మీరు ఇల్లు కట్టుకునేదాకా వీధివాళ్లం తలా ఒక మడి వేసుకుంటామండీ" అని ఒప్పించింది ఎవరు? నేను. కంప కొట్టించింది? నేనే. ఎదురింటి రమణమ్మ అంతా అయ్యాక తీరిగ్గా వచ్చి, నా పక్క మడిలో రెండు సొరవిత్తులు గుచ్చింది. మిగిలినవి నాకు ఇచ్చింది. అంతే.

నవంబరు 4, మంగళవారం
ఆ రమణమ్మ పాదు పందిరంతా అల్లుకుంది. పిందెలే పిందెలు. నా పాదుకు పూలు. అన్నీ మగపూలేనట — మా ఆయన తేల్చాడు, కాఫీ తాగుతూ. ఒకే కాయలో గింజలు కదా... దానికి కాసి నాకెందుకు కాయదు?

నవంబరు 6, గురువారం
"ఆ పిందె బాగుందే" అని చూపించబోయాను. రమణమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "అయ్యో, ఏలు చూపీబాకక్కా! పిందె కుళ్లిపోద్ది. మడిచి చూపియ్యి." తను వేలు కొక్కెంలా మడిచి చూపించింది. నవ్వాను. మేం చర్చికి వెళ్లేవాళ్లం, ఇవన్నీ నమ్ముతామా?

నవంబరు 7, శుక్రవారం
సాయంత్రం నీళ్లు పోయడానికి వెళ్లాను. తోటలో ఎవరూ లేరు. అన్నిటికంటే పెద్ద పిందె, నున్నగా. వేలు నిటారుగా చాచి చూపించాను. కావాలనే.

నవంబరు 9, ఆదివారం
పొద్దున్నే ఓనరు గారి ఫోన్. వానలు వెనకపట్టగానే ఇంటికి పునాది తీస్తారట. అంటే ఇదే మొదటి కాపు, ఇదే చివరిది.
చర్చిలో పాస్టరు అయ్యగారు అందరి ముందూ — "వచ్చే ఆదివారం కోత పండుగ. ఈసారి మేరీ గారి తోట నుంచి ప్రథమ ఫలం వస్తుంది." మేరీ గారి తోట! కడుపు నిండిపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది... నా మడిలో ఏముందని? పురుగు కొట్టిన గోంగూర. మగపూలు.

నవంబరు 12, బుధవారం
కుళ్లింది. అదే పిందె. పసుపు తిరిగి, మెత్తబడి, రాలిపోయింది. దాంతోపాటు మరికొన్ని. రమణమ్మ అరుస్తోంది — "ఎవురి పాడు కళ్లో! ఎవురో ఏలు చూపించినారు!" పందిరికి పాత చెప్పు, సున్నపు చుక్కల కుండ కట్టింది. "పట్టుకోక్కా" అంది. తాడు నేనే పట్టుకున్నాను. నా కంటి దిష్టికి నేనే తాడు పట్టుకున్నాను ప్రభువా!
మా ఆయనకు చెబితే — "పిచ్చిదానా, ముసురుకి ఆడపువ్వుకు పుప్పొడి అందుండదు, రాలింటుంది." అంటే నా వేలికి ఆపాటి బలం కూడా లేదా? ఆ మాటకూ నాకు ఏడుపే వచ్చింది.

నవంబరు 14, శుక్రవారం
వాన. తోటకు వెళ్లలేదు. బజారులో సొరకాయ కొని, మడిలోదేనని చెబితే? ఛీ.

నవంబరు 15, శనివారం
రమణమ్మ వచ్చింది, తడుచుకుంటూ. కొంగు కింద సొరకాయ. లేతది, నిండుది. ఎవరి కంటా పడకుండా గుడ్డ చుట్టి ఆకుల చాటున పెంచిందట. "మీ పండక్కి తీసకపో అక్కా. జాగా అడిగి తెచ్చింది నువ్వు, కంప కొట్టించింది నువ్వు. నువ్వు లేకపోతే యాడ తోట, యాడ కాయ?"
ఇన్నాళ్లూ నేను వినాలనుకున్న మాట. ఎక్కడ చెప్పింది? నా వంటింట్లో, స్టవ్ పక్కన! అదే మాట ఆటో స్టాండు దగ్గర అంటే నోరు పడిపోతుందా? ఇవ్వడంలో కూడా అదే గెలిచింది. కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.
కాయ వంటింటి గట్టు మీద ఉంది. రేపు అయ్యగారు దాన్ని పైకెత్తి "మేరీ గారి తోటది" అంటారు. అప్పుడు లేచి నిలబడి ఆమె పేరు చెబుతానా... చెప్పనేమో. ఏమో.
ఇందాక మా ఆయన అడిగాడు, "ఏదీ, ఆ కాయ?" అని. చూపించాను.
వేలు మడిచే.